జ్వరక్రిమి పాఠాంతరములు

రాయపూరు నగరములో పండరీ యనునది బట్టల వర్తకమునకు పేరుపడిన పేట. చుట్టుపట్ల ఊళ్లనుండి చిల్లర వర్తకులు వచ్చి చీరలు, పంచెలు మూటలు కట్టుకొని పోవుదురు. జిల్లా ఆస్పత్రియు, దాని ప్రయోగశాలయు ఆ పేటయందే కలవు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో వానలు వెనుకబట్టు కాలమునకు చలిజ్వరము తలయెత్తును. జ్వరముతో వచ్చిన మనిషికి నేడు సాధారణముగ జరుగు పరీక్ష మిక్కిలి సులభమైనది. వ్రేలికొనను సూదితో పొడిచి, ఒక రక్తపు బొట్టును చిన్న పట్టీమీద వేసి, కొన్ని చుక్కల ద్రావకము పోసి, పావుగంట సేపు వేచియుందురు. గీత తేలినచో మలేరియా కలదు, తేలనిచో లేదు. ఆస్పత్రి లేని అడవిపల్లెలో సైతము మితానిన్ అని పిలువబడు గ్రామ ఆరోగ్యకార్యకర్త ఈ పరీక్షను చేయగలదు.

ఆ పట్టీ ఒక్కొక్కప్పుడు అబద్ధమాడును. రక్తములో క్రిమి యుండగనే లేదని చెప్పును. పట్టీ పాడైపోవుట, క్రిములు మిక్కిలి తక్కువగ నుండుట మొదలైన కారణములు ఇందుకు కలవు. కాని వీనికంటె లోతైన కారణము మరియొకటి కలదు. అది మొదట బయటపడినది రోగుల నడుమ కాదు; సముద్రముల కావల గాజుపాత్రలలో పెరుగుచుండిన క్రిమి సంతతులను ఒకదానితో నొకటి పోల్చి చూచినప్పుడు. ఆ పోలిక యొక్క చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. బస్తరు అడవులును, జయపురపు కొండలును, విశాఖ మన్యమును ఒకే కొండల వరుసలో చేరియున్నవి. మన్యమునకు పోయినవాడు జ్వరముతో తిరిగివచ్చుట మన పెద్దలెఱిగిన సంగతి. మన్యపు జ్వరమను మాట అట్లే వాడుకలోనికి వచ్చినది. జయపురపు కొండప్రాంతమందలి మలేరియానుగూర్చి పెర్రీ అను వైద్యుడు 1914లోనే ఒక పరిశీలనము ప్రచురించెను. పార్వతీపురమునుండి రాయపూరు వరకు రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఆ బండి కొండల నడుమనుండియే పోవును. విజయనగరపు సీమకును రాయపూరునకును నడుమ రాకపోకలు దానివలన సులభమైనవి. మనుష్యులు ప్రయాణము చేసినప్పుడు వారి రక్తములోని క్రిమియు ప్రయాణము చేయును.

జ్వరము ఒకటి కాదనుట మన దేశమున పురాతనమైన ఎఱుక. రోజు విడిచి రోజు వచ్చు జ్వరమును తృతీయకమనియు, రెండు రోజులు విడిచి వచ్చుదానిని చాతుర్థకమనియు మన వైద్యగ్రంథములు వేర్వేరుగ పేర్కొన్నవి. కాని ఈ భేదమునకు మూలము కంటికి కనబడలేదు. 1880లో అల్జీరియాలోని కాన్‌స్టంటీను పట్టణమున లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు జ్వరపీడితుని రక్తములో కదలాడు క్రిమిని చూచెను. పిమ్మట కొలది యేండ్లలోనే ఇటలీ దేశపు గోల్జి తృతీయక చాతుర్థకములను కలిగించు క్రిములు వేఱనియు, ఎఱ్ఱ రక్తకణములు పగిలి క్రిములు బయటపడు వేళకే చలి పుట్టుననియు నిరూపించెను. రోగములో కనబడు భేదము క్రిమిలోని భేదమునుండి పుట్టుచున్నదని అప్పుడు తేలినది.

క్రిమి ఒక మనిషినుండి మరియొకనికి ఎట్లు పోవుచున్నదను ప్రశ్నకు సమాధానము దొరకినది మన తెలుగు గడ్డమీదనే. సికిందరాబాదులో ఉద్యోగము చేయుచుండిన రోనాల్డు రాస్ 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అను జ్వరపీడితుని దోమలచే కుట్టించెను. ఒక్కొక్క దోమకాటునకు ఒక అణా చొప్పున అతనికి ముట్టెను. ఆగస్టు 20వ తేదీన, బేగంపేటలో, ఆ దోమలలో ఒకదానిని కోసి దాని కడుపు గోడలో నల్లని రంగుకణములు గల గుండ్రని గూళ్లను రాస్ చూచెను. మరునాడు మరియొక దోమలో అవి ఇంకను పెద్దవై కనబడెను. దోమయందు క్రిమి పెరుగుచున్నదని రుజువైనది. మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియా క్రిమిపై పరిశోధించి అతడు ఆ వలయమును పూర్తిచేసెను. 1902లో అతనికి నోబెలు బహుమానము లభించినది. బేగంపేటలోని ఆ భవనము నేటికిని రాస్ పేరుతో నిలిచియున్నది.

రాస్ చూచిన క్రిమి ఒక మనిషినుండి ఒక దోమలోనికి వచ్చినది. దోమ చచ్చినచో, మనిషి కోలుకొన్నచో, ఆ క్రిమి యొక్క చరిత్ర ముగిసినట్లే. నేడు చూచిన క్రిమినే రేపు మరల చూచుటకు వీలులేదు. కావున ఒక క్రిమికిని, దాని బంధువైన మరియొక క్రిమికిని భేదమేమో నిలకడగ పరీక్షించుటకు మార్గము లేకపోయెను. ఈ కొఱత తీరుటకు దాదాపు ఎనుబది సంవత్సరములు పట్టినది.

1976లో న్యూయార్కు నగరమందలి రాకఫెల్లరు విశ్వవిద్యాలయమున విలియం ట్రేగర్, జేమ్స్ జెన్సెన్ అనువారు, మలేరియా క్రిములలో ప్రాణాంతకమైన ఫాల్సిపారమును మానవ రక్తకణములలో, శరీరమునకు వెలుపల, ఎడతెగకుండ పెంచగల ఉపాయమును ప్రకటించిరి. ఆ ఉపాయములోని ఒక అంశము ఆశ్చర్యము గొలుపునంత సామాన్యమైనది. రక్తకణములను పోషకద్రవముతో చిన్న పళ్లెములలో నుంచి, ఆ పళ్లెములను గాజు జాడీలో పెట్టి, అందు క్రొవ్వొత్తి వెలిగించి మూత బిగింతురు. క్రొవ్వొత్తి దానంతట అది ఆరిపోవును. అప్పటికి జాడీలోని ప్రాణవాయువు కొంత తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరిగి, క్రిమికి అనుకూలమైన గాలి ఏర్పడును. ఈ జాడీలలో క్రిమి నెలలకొలది, ఏండ్లకొలది బ్రదికినది. దానికి సంతతియు, వంశమును, పేరును కలిగెను.

ఆ పేర్లు ఊళ్ల పేర్లవలె గాక గుమాస్తా లెక్కల గుర్తులవలె నుండును. నెదర్లాండ్సు దేశమున, స్కిపోల్ విమానాశ్రయమునకు సమీపమున నివసించుచుండిన ఒక రోగి రక్తమునుండి వచ్చినది ఎన్‌ఎఫ్54. ఆ మనిషి ఉష్ణదేశములకు పోయినవాడు కాడు. విమానములో వచ్చిన దోమ కుట్టియుండునని తలంచిరి. ఆ సంతతినుండి ఒక్క క్రిమిని విడదీసి పెంచగా వచ్చినది 3డి7. హాండురాస్ దేశమునుండి వచ్చిన సంతతిలోనిది హెచ్‌బి3. ఇండోచైనానుండి వచ్చిన సంతతిలోనిది డిడి2. ప్రపంచమున ఫాల్సిపారమునుగూర్చి వెలువడిన పరిశోధనలలో పెద్దభాగము ఇట్టి కొలది వంశములమీదనే నడచినది. కోట్లమంది మనుష్యుల రోగమునకు ఈ కొన్ని గాజుపాత్రలే ప్రతినిధులైనవి.

ఈ వంశములు ఎంత దగ్గఱివి, ఎంత దూరపువి? ఇందుకు సాహిత్యపాఠకులకు పరిచితమైన ఉదాహరణ మొకటి చెప్పవచ్చును. సి. పి. బ్రౌను మన కావ్యముల తాళపత్రప్రతులను సేకరించి, ఒక ప్రతితో మరియొక ప్రతిని పోల్పించెను. గ్రంథ మొక్కటే, కాని ఒక లేఖకుడు ఒక పద్యము విడిచెను, మరియొకడు ఒక మాట మార్చెను, వేఱొకడు ఒక పద్యమును రెండుసార్లు వ్రాసెను. పాఠాంతరములు చూడక ఏ ఒక్క ప్రతిని నమ్మినను కవి హృదయము దొరకదు. క్రిమి వంశములును అట్టి ప్రతులే. 2002లో 3డి7 యొక్క జన్యుసంపుటి యంతయు చదువబడినది. పదునాలుగు క్రోమోసోములు, రెండు కోట్ల ముప్పది లక్షలకు చేరువైన అక్షరములు, ఇంచుమించు 5,300 జన్యువులు. నాలుగే అక్షరములు గల ఆ లిపిలో రెండక్షరములే నూటికి ఎనుబది పాళ్లు నిండియుండుటచేత ఆ చదువు మిక్కిలి కష్టమైనది. అప్పటికి వానిలో సగమునకు పైగా జన్యువుల పని యేమో తెలియదు.

అయితే గ్రంథము చేతనుండుట ఒకటి, దానిని పఠించుట మరియొకటి. ప్రతి జన్యువును ప్రతి క్షణమును పనిచేయదు. క్రిమికి అవసరమైనప్పుడు ఆ జన్యువునకు ఆర్.ఎన్.ఏ. రూపమున నకలు తీయబడును. ఆ నకలునుబట్టి ప్రోటీను తయారగును. దీనినే జన్యువు వ్యక్తమగుట యందురు. ఏ జన్యువు ఎప్పుడు, ఎంత మోతాదులో వ్యక్తమగుచున్నదో కొలిచినచో క్రిమి ఏమి చేయుచున్నదో తెలియును. 2003లో కాలిఫోర్నియాలో జోసెఫ్ డెరీసీ బృందము హెచ్‌బి3 వంశమును తీసికొని, రక్తకణములో అది గడపు 48 గంటల జీవితమును గంటగంటకు కొలిచినది. సంపుటిలో నూటికి అరువది పాళ్లకు తక్కువ గాకుండ జన్యువులు ఆ కాలములో వ్యక్తమగుచున్నవనియు, వానిలో అధికభాగము తమ వంతు వచ్చినప్పుడు ఒక్కసారి మాత్రము ఉచ్చస్థితికి పోయి తగ్గుచున్నవనియు తేలినది.

2006లో ఆ బృందమువారే 3డి7, హెచ్‌బి3, డిడి2 అను మూడు వంశములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. ఒకటి నెదర్లాండ్సులో దొరకినది, ఒకటి మధ్య అమెరికాలోనిది, ఒకటి ఆసియాలోనిది. వీని నడుమ భేదములు విస్తారముగ నుండునని ఎవరైనను అనుకొందురు. కాని మూడింటి దినచర్యయు ఇంచుమించు ఒక్కటియే. ఏ గంటకు ఏ జన్యువు మేలుకొనునో ఆ క్రమము మారలేదు. మారినవి కొలది జన్యువులు. అవి ప్రధానముగ రెండు జాతులు. ఒకటి, రక్తకణము పైభాగమునకు పోయి మన రోగనిరోధకశక్తికి ఎదురుపడు ప్రోటీనులకు సంబంధించినవి. రెండు, సంపుటిలో కొంత ముక్క పోయిన చోటను, కొంత ముక్క అధికముగ చేరిన చోటను ఉన్నవి. అనగా క్రిమి తన లోపలి సంసారమును మార్చుకొనలేదు. మనిషిని ఎదుర్కొను ముఖమును మార్చుకొన్నది.

ఆ ముఖమునుగూర్చి రెండు మాటలు చెప్పవలెను. 3డి7లో వార్ జన్యువులని పేరుగలవి అరువదికి చేరువగ కలవు. వీనిలో ఒక క్రిమి ఒకప్పుడు ఒక్కదానినే వ్యక్తపరచును. మన శరీరము ఆ వేషమును గుర్తుపట్టి ఎదిరించునప్పటికి కొన్ని క్రిములు వేషము మార్చియుండును. గ్రంథములో ఒక్క అక్షరము మారకుండ, చదువు పుట మారుటచేతనే రోగము మరల తలయెత్తును. ఇంకొక ఉదాహరణము ఎఫ్12 అను సంతతి. అది 3డి7కు కన్నబిడ్డ. అయినను దోమలోనికి పోదగిన ఆడ మగ రూపములను అది పుట్టింపదు. ఏపీ2-జి అను ఒక్క జన్యువులో కలిగిన దోషమే అందుకు కారణమని 2014లో వెల్లడియైనది. ఆ జన్యువు ఇతర జన్యువులను మేల్కొలుపునది. అది నిద్రించిన ఇంటిలో తక్కినవియు మేలుకొనలేదు. గాజుపాత్రలో దోమతో పనిలేదు గనుక ఆ లోపము ఎఫ్12 బ్రదుకునకు అడ్డము రాలేదు.

మందుల విషయమునను ఈ వంశభేదములే మార్గము చూపినవి. హెచ్‌బి3 క్లోరోక్వినుకు లొంగును, డిడి2 లొంగదు. ఈ రెంటిని సంకరము చేసి, పుట్టిన సంతతిలో ఏది లొంగినది, ఏది లొంగలేదని వెదకగా ఆ గుణము ఏడవ క్రోమోసోములో నున్నదని తెలిసినది. 2000లో ఆ జన్యువే చిక్కినది. మన దేశమున క్లోరోక్వినుకు లొంగని ఫాల్సిపారము 1973లో అస్సాములో కనబడెను. 1960 దశకమున నిర్మూలింపబడినదే యనుకొన్న మలేరియా 1976లో 64 లక్షలకు పైగా రోగులతో తిరిగివచ్చిన చరిత్రను తలచుకొన్నచో, గాజుపాత్రలోని ఈ భేదములు కేవలము పండితుల వినోదము కావని తెలియును.

ఇక మొదట చెప్పిన గీత యొద్దకు వత్తము. పండరీలోను, బస్తరు పల్లెలలోను వాడు పట్టీ ఫాల్సిపారమును పట్టుకొనునది హెచ్‌ఆర్‌పి2 అను ఒక్క ప్రోటీనువలన. క్రిమి దానిని విస్తారముగ తయారుచేసి రక్తములోనికి విడుచును. విస్తారముగ దొరకు వస్తువును గుర్తించుట సులభము గనుక 1990 దశకమున పరీక్షలు చేసినవారు దానిని ఎన్నుకొనిరి. కాని అప్పటికే ప్రయోగశాలలలో ఒక సంగతి తెలిసియున్నది. డిడి2 వంశమున హెచ్‌ఆర్‌పి2 జన్యువు లేదు. క్రోమోసోము కొస తెగిపోవుటతో అదియు పోయినది. హెచ్‌బి3లో దాని తోబుట్టువైన హెచ్‌ఆర్‌పి3 లేదు. అయినను ఈ వంశములు జాడీలలో చక్కగ పెరుగుచున్నవి. అనగా ఈ ప్రోటీను లేకున్నను క్రిమి బ్రదుకగలదు. ఏ గుర్తును నమ్మి మనము శత్రువును వెదకుచున్నామో ఆ గుర్తు శత్రువునకు అత్యవసరమైనది కాదు.

ఈ సంగతిని గాజుపాత్రల ఇంటివిషయముగ భావించిరి. ఏండ్లకొలది జాడీలలో పెరిగిన క్రిమి తనకు పనిలేని ముక్కలను పోగొట్టుకొనుట సహజమే. రోగి శరీరములో అట్లు జరుగదని ఊహ. 2010లో పెరూ దేశపు అమెజాన్ ప్రాంతమునుండి వచ్చిన వార్త ఆ ఊహను చెరిపివేసినది. అచ్చటి రోగుల రక్తమునుండి తీసిన ఫాల్సిపారములలో పెద్దభాగమునకు ఈ జన్యువులు లేవు. 2011లో వేర్వేరు ప్రయోగశాలావంశములను పోల్చినవారు, జన్యువున్న వంశములలో సైతము హెచ్‌ఆర్‌పి2 వ్యక్తమగు మోతాదు ఒకే రీతిగ లేదని చూపిరి. 2016లో ఎరిట్రియా దేశము ఆ ప్రోటీనును నమ్మిన పరీక్షలను విడిచి వేఱు పరీక్షలకు మారవలసివచ్చెను.

మన దేశమున ఈ లోపమునుగూర్చి 2013లో ప్రచురితమైన పరిశీలనము ఛత్తీస్‌గఢ్ క్రిములకు సంబంధించినదే. హెచ్‌ఆర్‌పి2, హెచ్‌ఆర్‌పి3 జన్యువులు లేని ఫాల్సిపారము అచ్చటి రోగులలో కనబడినది. పిమ్మట 2016లో ఎనిమిది రాష్ట్రముల రోగులను పరిశీలించిన మరియొక అధ్యయనమును అట్టి క్రిములను చూపినది. ఛత్తీస్‌గఢ్ ఆ యెనిమిదింటిలో నొకటి. ఈ క్రిములు తక్కువ పాళ్లలోనే యున్నవి. కాని నూటికి ఇద్దరనునది లెక్కల పుస్తకమున చిన్న సంఖ్య. గీత తేలలేదని మందు లేకుండ ఇంటికి పంపబడిన బిడ్డ తల్లికి అది చిన్న సంఖ్య కాదు. ఫాల్సిపారము చికిత్స లేనిచో మెదడునకు ఎక్కి కొలది దినములలోనే ప్రాణము తీయగలదు.

ఇందు మరియొక చిక్కు కలదు. పట్టీకి దొరకిన క్రిమికి మందు పడును, అది నశించును. దొరకని క్రిమి మందు తప్పించుకొని దోమలోనికి, దోమనుండి మరియొక మనిషిలోనికి పోవును. కావున పరీక్ష ఎంత విరివిగ జరిగినచో, లోపము గల క్రిమికి అంత మేలు కలుగు ప్రమాదమున్నది. బస్తరులో 2020 జనవరిలో ప్రారంభమైన మలేరియా నిర్మూలన ఉద్యమము ఇల్లిల్లు తిరిగి, జ్వరము లేనివారిని కూడ పట్టీతో పరీక్షించినది. లోపల క్రిమి యుండియు బాధ యెఱుగని అనేకులు దానివలన తెలిసివచ్చిరి. అది గొప్ప కార్యము. దాని ఫలము నిలువవలెనన్నచో పట్టీ కంటికి దొరకని క్రిమినిగూర్చియు మెలకువ యుండవలెను. లోపముగల క్రిములవలన తప్పుడు ఫలితములు నూటికి ఐదు పాళ్లు దాటినచోట పరీక్షను మార్చవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. ఆ ఐదు పాళ్లు దాటినవో లేదో తెలిసికొనుటకు మాటిమాటికి లెక్కచూచుట తప్ప వేఱు మార్గము లేదు.

గాజుపాత్రలోని వంశమును నమ్మవచ్చునా, నమ్మరాదా? ఈ చరిత్ర రెండు మాటలును చెప్పుచున్నది. నమ్మరాదనుటకు కారణము స్పష్టమే. 2007లో సెనెగల్ దేశపు రోగుల రక్తమునుండి నేరుగ తీసిన క్రిములలో జన్యువులు వ్యక్తమగు తీరు జాడీలోని తీరునకు భిన్నముగ నుండగలదని ఒక బృందము ప్రకటించెను. ఆకలి, జ్వరపు వేడి, రోగనిరోధకశక్తి, మందు ఇవన్నియు గల ఇల్లు వేఱు. క్రొవ్వొత్తి ఆరిన జాడీ వేఱు. అయినను జాడీ లేకున్నచో ఒక వంశము ప్రక్కన మరియొక వంశమును పెట్టి చూచుట సాధ్యమయ్యెడిది కాదు. ఏ జన్యువు లేకున్నను క్రిమి బ్రదుకునో మొదట చెప్పినది ఆ జాడీయే. తప్పు జాడీది కాదు; అందు కనబడిన పాఠాంతరమును లేఖకుని పొరపాటుగ త్రోసిపుచ్చిన చదువరిది.

పట్టీ అబద్ధమాడునేమో యను సందేహము కలిగిన చోట మనకు మిగిలియున్న సాక్షి పాతదే. రక్తపు బొట్టును గాజుపలకపై పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని క్రింద ఓపికతో వెదకుట. హెచ్‌ఆర్‌పి2 ఉన్నను లేకున్నను క్రిమి ఆకారము మారదు. చూచు కంటికి అది దొరకును. 1897లో బేగంపేటలో రాస్ చేసినది ఓపికతో చూచుటయే. పావుగంటలో తేలు గీత మన కాలమునకు గొప్ప వరము. కాని గీత తేలనప్పుడు జ్వరము తగ్గని మనిషిని మరల పిలిచి, అతని రక్తమును పలకపై చూచు ఓపిక గల మనిషి ఆ చోట నుండవలెను. పండరీలోనైనను, మన్యములోనైనను, వైద్యము ఆ ఓపికమీదనే నిలిచియున్నది.